పగలు జెర్రిపోతు, రాత్రి గుడ్లగూబ: ఎలుకల మీద మనకున్న రెండు కాపలాలు



వీడియోలో మా వరి గట్టు మీద పోతున్న పామును చూసి చాలామంది "చంపలేదా అన్నా?" అని అడిగారు. చంపలేదండి. కానీ నాలుగేళ్ల కిందట ఇలాంటిదాన్నే నాగుపాము అనుకుని నా చేత్తో చంపాను. డిప్లొమా చదివి కూడా గుర్తుపట్టలేకపోయాను. ఆ సీజన్లోనే చిరుపొట్ట దశలో ఎలుకలు పిలకలు కొరికేశాయి. ఆ ఒక్క పాము చావడం వల్లే అని చెప్పను గానీ, ఆ రోజు నుంచి ఎలుకల్ని తినేవాటి గురించి తెలుసుకోవడం మొదలుపెట్టాను.

వర్గీకరణ

రెండూ వెన్నెముక ఉన్న జీవులే. పోలిక అక్కడితో సరి. జెర్రిపోతు సరీసృపం. దాని కుటుంబం కొలూబ్రిడే, శాస్త్రీయ నామం టయాస్ మ్యూకోసా. విషం లేదు. బెదిరితే మెడ ఉబ్బిస్తుంది, అందుకే నాగుపాము అనుకుంటాం. తెల్లటి, హృదయాకారపు ముఖం ఉండే బార్న్ ఔల్ గుడ్లగూబ పక్షి. దాని కుటుంబం టైటోనిడే, మనం చదువుకున్న పేరు టైటో ఆల్బా.

నివాసం

జెర్రిపోతు గట్లు, పొదలు, బొరియల్లో ఉంటుంది. పగటిపూట వేటాడుతుంది, ఎలుక బొరియలోకే దూరగలదు. గుడ్లగూబ చెట్టు తొర్రల్లో, పాత కట్టడాల్లో గూడు పెడుతుంది. చిమ్మచీకట్లో కూడా చప్పుడు విని ఎలుకను పట్టేస్తుంది. తిన్నాక ఎముకలు, బొచ్చు ఉండలుగా కక్కుతుంది. చెట్టు కింద ఆ ఉండలు కనబడితే అది మీ పొలంలో ఉన్నట్టే.

సంరక్షణ స్థితి

ఐయూసీఎన్ రెడ్ లిస్ట్‌లో రెండూ 'లీస్ట్ కన్సర్న్', అంటే అంతరించే ప్రమాదం తక్కువ అని. ఇక్కడే మనం పొరపాటు పడతాం. ఆ మాట ప్రపంచంలో ఉన్న జాతి మొత్తానికి చెప్పింది, మన ఊరి పొలానికి కాదు. గట్టు తగలబెట్టి, తొర్ర చెట్టు కొట్టేసి, ఎలుకల మందు పెడితే జాబితాలో క్షేమంగానే ఉంటాయి, మన చేలో మాత్రం ఉండవు. మందు తిన్న ఎలుకను తింటే గుడ్లగూబకూ ఆ విషం ఎక్కుతుంది. జెర్రిపోతును చర్మం కోసం, గుడ్లగూబను క్షుద్రపూజల కోసం పట్టేవాళ్లూ ఉన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రెంటికీ రక్షణ ఇస్తోంది.

నేను చేస్తున్నవి

• ఎలుకల మందు వాడను, పక్క రైతుకూ ఇదే చెబుతున్నా.
• ఒక మూల గట్టును గడ్డితో అలాగే వదిలేశా.
• తొర్ర ఉన్న పాత చెట్టును కొట్టించలేదు.
• చేలో టి ఆకారపు కర్రలు పాతాను. గింజ పాలుపోసుకునే ముందు తీసేస్తాను, లేకపోతే గింజ తినే పిట్టలు కూర్చుంటాయి.

ఒక్క జాగ్రత్త: ఏ పామో తెలియకపోతే దగ్గరికి వెళ్లొద్దు. పక్కకు తప్పుకుని, దాని దారిన దాన్ని పోనివ్వండి. నేను ఆ రోజు చేయాల్సిందీ అదే.