లెక్కల గురువునకు దోడు

మన యెచ్చెర్ల నేడు విద్యకు బేరువడసిన చోటు. 2008లో నెలకొన్న అంబేద్కరు విశ్వవిద్యాలయ మిచ్చటనే కలదు. 2016లో మన జిల్లాకు వచ్చిన ట్రిపుల్ ఐటీయు మన మండలములోని షేర్‌మహమ్మదుపురముననే యున్నది. పదవ తరగతి మార్కులను బట్టి పల్లెబిడ్డలను జేర్చుకొని, ఆరేండ్లు చదివించి, ఇంజనీరులను జేయు విద్యాలయమది. ఆ ద్వారము మీదుగా బస్సులో బోవుచు, మన పిల్లయు నిందు జేరిన బాగుండునని తలపని తల్లి యుండదు. అయితే చాలమంది బిడ్డలకు ఆ ద్వారము మూడవ తరగతిలో, తీసివేత లెక్కయొద్దనే, సగము మూసికొనిపోవుచున్నది.

52 నుండి 27 తీసివేయుమనగా 35 అని వ్రాయు బిడ్డలు ప్రతి తరగతిలో నుందురు. ఉపాధ్యాయుని గృహిణులము గనుక, దిద్దుటకై యింటికి వచ్చు కాగితముల కట్టలలో ఈ 35ను మేమెన్ని మారులు చూచితిమో లెక్కలేదు. తప్పు గుర్తు పెట్టి సున్న వేసినచో దిద్దువారి పని తీరును. కాని ఆ బిడ్డ 35ను ఎట్లు తెచ్చినది? ఒకట్ల స్థానమున 2 నుండి 7 పోదు గనుక, 7 నుండియే 2 తీసి 5 వ్రాసినది. పదుల స్థానమున 5 నుండి 2 తీసి 3 వ్రాసినది. అనగా ఎచ్చటనైనను పెద్దదానినుండి చిన్నదానిని దీయవలెనను నియమమును దనంతట దానే కల్పించుకొని, ఇసుమంతయు దప్పక పాటించుచున్నది. ఇట్టి బిడ్డను మందబుద్ధి యనుట యన్యాయము. 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అను అమెరికా పండితులు పిల్లల తీసివేతలను బరిశీలించి, వారి తప్పులలో బెక్కింటికి నిట్టి క్రమము గలదని చూపిరి. పై తరగతులకు బోయినకొలది ఇదే తంతు. మూడవ వంతును, నాలుగవ వంతును గూడుమన్నచో ఏడింట రెండు వంతులనును. 0.25, 0.3 లలో నేది పెద్దదన్నచో, 3 కంటె 25 పెద్దది గదా యని మొదటిదానిని జూపును. మార్కు ఈ తర్కమును బైట బెట్టదు. ఐదింటికి రెండు వచ్చినవని మాత్రము చెప్పి యూరకుండును.

పరీక్షలకు మన దేశమున గొదువ లేదు. 2024 డిసెంబరు 4వ తేదీన ‘పరఖ్’ రాష్ట్రీయ సర్వేక్షణము 3, 6, 9 తరగతులవారికి దేశమంతట జరిగినది. జిల్లాకును జిల్లాకును గల తారతమ్యము దానివలన దెలియును, పాలకులకది యవసరమే. కాని మీ వీధిలోని బిడ్డకు దీసివేత యెచ్చట దప్పుచున్నదో చెప్పుట దాని పని గాదు. ప్రథమ్ సంస్థవారు 2005లో నారంభించిన ‘అసర్’ సర్వే తీరు వేరు. పల్లెలలో నింటికి వచ్చి, బిడ్డను ఎదుట గూర్చుండబెట్టుకొని, రెండంకెల తీసివేతను, మూడంకెల సంఖ్యను ఒక యంకెతో భాగించుటను, ఒక్కొక్కరిచేత జేయించి చూతురు. సర్వే మాట యటుంచి, బిడ్డ చేయుచుండగా ప్రక్కనుండి చూచు ఈ పద్ధతి తరగతిగదిలోని గురువునకు మిక్కిలి యక్కరకు వచ్చునది.

అట్లని బిడ్డల లోపములను కాగితముపై వ్రాసి గురువున కందించినంత మాత్రమున బని యగునా? దీనికి సమాధానము మన రాష్ట్రముననే దొరకినది. 2005 మొదలుగా ఉమ్మడి ఆంధ్రప్రదేశమున బల్లెలలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో నొక పెద్ద పరిశోధన జరిగినది. ప్రభుత్వము, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషను, ప్రపంచ బ్యాంకు అందు బాలుపంచుకొనినవి. కొన్ని బడులలో బిడ్డలకు పరీక్ష పెట్టి, ఎవరికేది రాదో వివరముగా వ్రాసి గురువుల కిచ్చిరి. తరగతులకు వచ్చి పాఠము చెప్పు తీరును జూచిపోయిరి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ గారలు 2010లో దాని ఫలితమును బ్రకటించిరి. ఎవరైన వచ్చి చూచుచున్నప్పుడు ఆ గురువులు ఎక్కువ శ్రమపడిరి. కాని వారి బిడ్డలు, ఆ కాగితములు రాని బడుల బిడ్డలకంటె ఏమియు నధికముగా నేర్వలేదు! అవే నివేదికలతోబాటు, బిడ్డలు నేర్చినదానిని బట్టి బహుమాన ధనమును గూడ నిత్తుమన్న బడులలో మాత్రము గణితము మెరుగుపడెను. కావున కాగితము వ్యర్థమని యనరాదు. దానిని జదివి మరునాటి పాఠమును మార్చుకొనుటకు గురువును బురికొల్పునది మరియొకటి యుండవలెను. అది ధనమే కానక్కరలేదనియు, తెలిసిన తోడు మేలనియు మా యభిప్రాయము.

కోచింగు అనగానే మనకు ట్యూషను సెంటర్ల బోర్డులు కన్నులకు గట్టును. మేము చెప్పునది గురువునకే యిచ్చు కోచింగు. గణితబోధనలో నాఱితేఱిన యుపాధ్యాయుడో, ఉపాధ్యాయురాలో బడికి వచ్చి, వెనుక బల్లపై గూర్చుండి, పాఠమంతయు విని, పిమ్మట గురువుతో గలిసి బిడ్డల పుస్తకములు విప్పును. 35 వ్రాసినవారెందరో వేరుచేయుదురు. అట్టివారికి రేపు కొబ్బరి యీనెలను బదేసి చొప్పున గట్టలు కట్టి యిత్తమా, ఒక కట్టను విప్పిననే గాని 2 నుండి 7 తీయ వీలుపడదని వారి చేతులకే తెలియునట్లు చేయుదమా యని యాలోచింతురు. రెండు వారములకు మరల వచ్చి యేమైనదో చూతురు. ఇంతే దాని తంత్రము. జపానులో గురువులు గుంపుగా జేరి యొక్క పాఠమునే తీర్చిదిద్ది, ఒకరు చెప్పగా దక్కినవారు చూచి చర్చించు నాచారము చిరకాలముగా నున్నది.

భిన్నముల విషయమున నిట్టి తోడు మరింత యవసరము. పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును దెనుగు పద్యములలోనికి దెచ్చినవాడు. లెక్క మన నోటికి వచ్చిననే మన బుద్ధికి వచ్చునని యాయన యెరుగును గాబోలు. మన యమ్మమ్మలకు సోలకు నాలుగు గిద్దలు, మానికకు నాలుగు సోలలు. మానికలో సోల నాలుగవ వంతు, గిద్ద పదునాఱవ వంతు. అడుగునున్న యంకె పెరిగినకొలది కొలత చిన్నదగుచున్నదని రెండు పాత్రలను బ్రక్కప్రక్కన బెట్టిన ఐదేండ్ల పిల్లయు జెప్పును. అదే పిల్ల ఐదవ తరగతిలో నాలుగవ వంతుకంటె పదునాఱవ వంతు పెద్దదనుచున్నది. ఈ పాత్రలను బడికి దెమ్మని గురువునకు జెప్పువారుండవలెను గదా.

అయితే వచ్చిన పెద్ద యెట్టివాడను దానిపై నంతయు నాధారపడియున్నది. చేత ఫారము పట్టుకొని, గడులు నింపి, గురువునకు మార్కులు వేసి పోవువాడైనచో తోడు కాస్తా తనిఖీ యగును. తనిఖీ యెదుట ఏ గురువును తనకు రానిదానిని బైటపెట్టడు. బాగుగా వచ్చిన పాఠమునే మరల జెప్పి చూపును. అన్ని తరగతులకు నొక్కరే యున్న బడిలో మాట్లాడుకొనుటకు దీరిక యెక్కడిది? ఆ గంట సేపు బిడ్డలను జూచువారిని గూడ నేర్పరుపవలెను. అమెరికాలో క్రాఫ్ట్, బ్లేజర్, హోగన్ అను వారు 60 అధ్యయనములను గ్రోడీకరించి 2018లో బ్రకటించిన దానిలో, ఇట్టి తోడు వలన బోధనయు, బిడ్డల చదువును మెరుగుపడినవనియు, పథకము పెద్దదైనచోట ఫలము తగ్గెననియు దేలినది. వేల బడులకు నేర్పరులైన సహాయకులను గూర్చుట సులభము గాదు మరి.

మన జిల్లాలో వమరవల్లియందు ఉపాధ్యాయ శిక్షణ సంస్థ యున్నది. బడులన్నియు సముదాయములుగా నేర్పడియున్నవి. సముదాయ సమావేశమున ఉపన్యాసమొకటి తగ్గించి, ఆ సమయమున నలుగురు గురువులు నాలుగు బడుల తీసివేత కాగితములను బల్లపై బరచుకొని కూర్చుండిన జాలును. దీనికి గ్రొత్త ఖర్చేమియు గానరాదు.

2024 డిసెంబరు 7న, మరల 2025 జులై 10న మన రాష్ట్రమున దలిదండ్రుల మహాసమావేశములు జరిగినవి. అట్టి సమావేశమునకు బోయినప్పుడు మనలో బెక్కండ్రు ప్రోగ్రెసు కార్డు చూచి, ఎన్ని మార్కులని యడిగి, వచ్చివేయుదుము. ఈ మారు లెక్కల పుస్తకమును జూపుమని యడుగుడు. తప్పు గుర్తు పెట్టిన లెక్క నొకదానిని జూపి, బిడ్డ దీనినెట్లు చేసినదో మాష్టరుగారి నడుగుడు. ఆపై ప్రధానోపాధ్యాయుల యొద్దకు బోయి, మా లెక్కల మాష్టరుగారి పాఠమును వినుటకు ఈ నెలలో నెవరు వచ్చిరి, విన్న పిమ్మట ఎంతసేపు ఆయనతో గూర్చుండిరి యని మర్యాదగా విచారింపుడు.