ఊడిన పన్నును కాగితంలో చుట్టకండి



కొన్నేళ్ళ క్రితం మధ్యాహ్నం విరామంలో ఏడో తరగతి అబ్బాయి ఒకడు పరుగెత్తుతూ మెట్టు తట్టుకుని పడ్డాడు. పై వరసలో ముందు పన్ను వేరుతో సహా ఊడిపోయింది. నేనే ఆ పన్నును బాగా కడిగి, గుడ్డతో తుడిచి, నోటుబుక్కు కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాను. వాళ్ళ నాన్న పని వదిలి వచ్చేదాకా కాచుకుని, తర్వాత పళ్ళ డాక్టరు దగ్గరకు పోయాము. అప్పటికి రెండు గంటలు దాటింది. "పాలలో వేసి వెంటనే తెచ్చి ఉంటే బాగుండేది సార్" అన్నారు డాక్టరు. తెలియక చేశాను. మీరు అలా చేయకూడదనే ఇది రాస్తున్నాను.

పాల పన్నా, శాశ్వత పన్నా?

పాల పళ్ళు 20. వాటిలో ముందు పళ్ళు సుమారు 6 నుంచి 9 ఏళ్ళ మధ్య మారుతాయి. అంటే నాలుగో తరగతి దాటిన పిల్లలకు ముందు పన్ను ఊడితే అది శాశ్వత పన్నే అనుకోండి. అది పోతే మళ్ళీ మొలవదు. మన ఇళ్ళలో పాల పన్ను ఊడితే ఇంటి కప్పు మీదికి విసురుతాం కదా, ఆ అలవాటులో దీన్ని కూడా పారేయకండి. పాల పన్ను దెబ్బకు ఊడితే మాత్రం తిరిగి పెట్టకూడదు. లోపల పెరుగుతున్న కొత్త పన్నుకు దెబ్బ తగులుతుంది. అయినా డాక్టరుకు చూపించాలి.

తొందర ఎందుకు?

పన్ను వేరు మీద సన్నని పొర ఒకటి ఉంటుంది. పన్నును ఎముకతో కలిపి ఉంచేది అదే. అందులోని జీవకణాలు గాలికి ఆరితే చచ్చిపోతాయి. గంటసేపు ఆరిన పన్ను మళ్ళీ బాగా అతుక్కోవడం చాలా కష్టం. పాలలో వేస్తే ఆ కణాలు మరికొంత సేపు బతుకుతాయి. శివకాశిలో కాగితానికి కొదవ లేదు, కానీ కాగితం తడిని పీల్చేస్తుంది. పన్నుకు కావలసింది పాలు.

శాశ్వత పన్ను ఊడితే చేయవలసినవి:

1. పిల్లవాడిని కూర్చోబెట్టి ధైర్యం చెప్పండి. పన్ను వెతకండి.
2. తెల్లటి భాగాన్నే పట్టుకోండి. వేరును తాకకండి.
3. మట్టి అంటితే పాలతో గానీ, పాలు లేకుంటే చల్లటి నీళ్ళతో గానీ కొన్ని సెకన్లు మాత్రం కడగండి. రుద్దవద్దు, సబ్బు వద్దు.
4. వీలైతే అదే గుంటలో, సరైన వైపు తిప్పి మెల్లగా పెట్టండి. శుభ్రమైన చేతిగుడ్డ కరిచి పట్టుకోమనండి.
5. పెట్టడానికి భయమైతే గ్లాసులో పాలు పోసి వేయండి. ఆవిన్ ప్యాకెట్టు పాలు చాలు, వేడి చేయవద్దు. పాలు దొరకకపోతే పిల్లవాడి ఉమ్మిలోనే ఉంచండి. మామూలు నీళ్ళలో నానబెట్టడం మంచిది కాదు, కానీ ఆరబెట్టడం కంటే అదే నయం.
6. అరగంటలోపు దగ్గరలో ఉన్న పళ్ళ డాక్టరు దగ్గరకు పోండి. ముందే ఫోను చేయండి. పెద్ద ఆసుపత్రి అని మదురైకి బయలుదేరితే దారిలోనే సమయం అయిపోతుంది.

దంత గాయాల నిపుణుల అంతర్జాతీయ సంఘం 2020లో ఇచ్చిన సూచనలు కూడా ఇవే చెబుతున్నాయి. పన్ను మట్టిలో పడి ఉంటే ధనుర్వాతం టీకా గురించి డాక్టరును అడగండి.

మిగతా దెబ్బలు

పన్ను విరిగితే ఆ ముక్కను కూడా పాలలో వేసి తీసుకుపోండి, కొన్నిసార్లు అతికిస్తారు. పెదవి, నాలుక తెగి రక్తం వస్తే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు నొక్కి పట్టండి. అప్పటికీ ఆగకపోతే ఆసుపత్రికి పోవాలి. పంటి నొప్పికి పొగాకు, ఆస్పిరిన్ మాత్ర చిగురు మీద పెట్టవద్దు, చిగురు కాలిపోతుంది. దవడ వాచి, జ్వరం వచ్చి, మింగడానికో ఊపిరి తీయడానికో కష్టమైతే తెల్లారేదాకా కాచుకోవద్దు. తలకు దెబ్బ తగిలి వాంతులు, మత్తు ఉంటే పన్ను సంగతి తర్వాత, ముందు 108కి ఫోను చేయండి.

అమ్మానాన్నలు ఇద్దరూ ఫ్యాక్టరీకో ప్రెస్సుకో పోయే ఇళ్ళలో సాయంత్రం పిల్లల దగ్గర ఉండేది అవ్వా తాతే. కాబట్టి దీన్ని వాళ్ళకు చదివి వినిపించండి. డాక్టరు ఫోను నంబరు గోడ క్యాలెండరు మీద రాసి పెట్టండి.

పిల్లలూ, మీకు ఒక మాట. పడితే తిడతారని దాచకండి. వెంటనే టీచరుకు చెప్పండి. స్నేహితుడి పన్ను ఊడితే ఒకరు టీచరు దగ్గరకు పరుగెత్తండి, ఒకరు పన్ను వెతకండి. మిమ్మల్ని ఎవరూ తిట్టరు, ఇది నా మాట.

— ప్రధానోపాధ్యాయుడు