మీకు తెలుసా? మాను కూడా వంగుతుంది!

మొక్కై వంగనిది మానై వంగదంటాం. కూలిన చెట్లను చూస్తే నిజమే అనిపిస్తుంది. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా మేడారం–తాడ్వాయి అడవిలో వీచిన పెనుగాలికి వేల చెట్లు (సుమారు 50 వేలని అంచనా) కొన్ని గంటల్లోనే నేలకూలాయి.

కుండీల్లో పొట్టి చెట్లు పెంచే జపాన్ బోన్సాయ్ పనివాళ్లు మాత్రం మణికట్టు మందం పైన్ చెట్టు కాండాన్నీ విరగకుండా వంచుతారు. గాలికి లేని ఓపిక వాళ్లకుంటుంది మరి! వంచినప్పుడు కాండం లోపలి వైపు నలుగుతుంది, బయటి వైపు సాగుతుంది. పగులు ముందు పుట్టేది బయటి వైపే. అందుకే నానబెట్టిన రాఫియా నారను కాండానికి బిగుతుగా చుట్టి, బయటి వైపు పొడవునా లావు లోహపు తీగలు ఆనించి, మళ్లీ నార చుడతారు. ఆపైన కాండాన్ని తీగతో కుండీకి లాగికట్టి, వారాల తరబడి కొద్దికొద్దిగా బిగిస్తారు. చిటుక్కుమంటే అక్కడికి ఆపాల్సిందే. చిన్న పగులైతే మానుతుంది. బెరడు కింది పలుచని జీవపొర చుట్టూ తెగిందా, పైభాగం దక్కదు.

చిగుళ్లు పొంగే రోజుల్లో బెరడు తేలిగ్గా ఊడుతుంది, అప్పుడు వంచొద్దు. వంచిన ఏడాది కుండీ మార్చొద్దు. తీగ బెరడులోకి దిగకముందే విప్పేయండి.