మదనపల్లెలో ఐదు చరణాల పాట

కలికిరిలో ధర్మవరం వైపు రైలెక్కితే వాయల్పాడు దాటాక వచ్చే పెద్ద స్టేషన్ మదనపల్లె రోడ్. ఊరు మాత్రం అక్కడ లేదు. ఆ స్టేషన్ ఉన్న సీటీఎంలో దిగి బస్సో ఆటోనో పట్టుకుని, టమాటా లారీల మధ్య నుంచి ఊళ్లోకి వెళ్తే బీసెంట్ థియోసాఫికల్ కాలేజీ కనిపిస్తుంది. చుట్టుపక్కల అందరికీ అది బీటీ కాలేజీ. అనీబీసెంట్ పూనికతో 1915లో మొదలైంది.  బీటీ కాలేజీ అనగానే ఈ ప్రాంతంలో ఎవరైనా ముందు చెప్పేది జనగణమన సంగతే.

పాట పుట్టింది ఇక్కడ కాదు. 1911 డిసెంబర్ 27న కలకత్తా కాంగ్రెస్ మహాసభలో దాన్ని మొదటిసారి పాడారు. మరుసటి నెల తత్త్వబోధినీ పత్రికలో అచ్చయింది. ఆ తర్వాత ఏడేళ్లు ఎక్కువగా బెంగాలీల మధ్యే ఉండిపోయింది. అది ఆ గడప దాటి మరో భాషలోకి, మరో లిపిలోకి వచ్చింది మదనపల్లెలో.

1919 ఫిబ్రవరిలో దక్షిణాది పర్యటనకు వచ్చిన ఆ పాట కవి టాగూర్, బీటీ కాలేజీ ప్రిన్సిపల్ జేమ్స్ కజిన్స్ పిలుపు మీద ఇక్కడ కొన్ని రోజులున్నారు. కజిన్స్ ఐర్లాండ్ కవి. ఆయన భార్య మార్గరెట్ సంగీతంలో పట్టా పుచ్చుకున్నావిడ, ఆడవాళ్ల ఓటు హక్కు కోసం జైలుకు కూడా వెళ్లొచ్చిన మనిషి. కాలేజీలో వారం వారం పాటల కూటమి జరిగేది. ఒక సాయంత్రం టాగూర్ అక్కడికి వచ్చి, తానూ ఒకటి పాడతానన్నారు. కజిన్స్ తన జ్ఞాపకాల్లో ఆ సాయంత్రం గురించి రాశారు. మొదటి చరణంలో ప్రాంతాలు, కొండలు, నదులు. రెండో చరణంలో మతాలు. మకుటం రెండోసారి వచ్చేసరికి వింటున్నవాళ్లు గొంతు సవరించుకున్నారు. మళ్లీ మళ్లీ అడిగి పాడించుకుని, చివరికి తామే అందుకున్నారు.

తమది కాని భాషలోని పాట అంత త్వరగా పట్టుబడిందంటే, గొప్పతనం ఆ బాణీది. చిక్కు సంగతులు లేవు. మెట్టు మెట్టుగా ఎక్కి దిగుతుంది. గుంపుగా పాడటానికే పుట్టిన నడక. హిందుస్తానీలో అల్హయ్యా బిలావల్ అంటారు. మన చెవికి శంకరాభరణం స్వరాలు. పాశ్చాత్యుల మేజర్ స్కేలూ అదే. అందుకే మార్గరెట్ చేతికి అది పరాయిది కాలేదు. టాగూర్ దగ్గర విని ఆవిడ స్టాఫ్ నొటేషన్ రాశారు. బాణీ కట్టిందే ఆవిడ అని అక్కడక్కడా రాస్తుంటారు. అది సరి కాదు. బాణీ టాగూర్‌ది, దాన్ని కాగితం మీద నిలిపింది మార్గరెట్. ఫిబ్రవరి 28న టాగూర్ ఇంగ్లీషు అనువాదం స్వదస్తూరీతో రాసి, ‘ద మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని పేరు పెట్టారు. కాలేజీ ఆ పాటను తన ప్రార్థన చేసుకుంది.

1950 జనవరి 24న జాతీయగీతంగా తీసుకున్నది మొదటి చరణాన్నే. 52 సెకన్లు. అదొక్కటే వింటే దేశపటం చూసినట్టు ఉంటుంది. మిగతా నాలుగూ వింటేనే టాగూర్ ఎంత పెద్ద పని తలకెత్తుకున్నారో తెలుస్తుంది. రెండో చరణంలో హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు, పార్సీలు, ముసల్మానులు, క్రైస్తవులు ఒకే సింహాసనం చెంతకు వస్తారు. మూడో చరణంలో ఎగుడుదిగుడు బాట, యుగయుగాల బాటసారులు, రాత్రింబగళ్లు ఆగని రథచక్రాల చప్పుడు, శంఖం మోత. నాలుగో చరణంలో చిమ్మచీకటి నడిరేయి. దేశం జబ్బుపడి స్పృహ తప్పి ఉంది. తల్లి రెప్పవాల్చకుండా ఒళ్లో పెట్టుకుని కాస్తోంది. ఐదో చరణంలో తెల్లవారుతుంది. తూరుపు కొండ మీద సూర్యుడు, పిట్టల పాట. మకుటంలో కొలిచే పేరు కూడా చరణం చరణానికీ మారుతుంది: మంగళమిచ్చేవాడు, ఐక్యం చేసేవాడు, దారి చూపేవాడు, దుఃఖం బాపేవాడు.

నా మట్టుకు నాకు నాలుగో చరణమే ఈ పాటకు ప్రాణం. జాతిని కీర్తించే పాటలో ‘నా దేశం రోగంతో మూర్ఛపోయింది’ అని చెప్పడానికి గుండె కావాలి. ఆ చీకటిలోంచి నడవకపోతే ఐదో చరణంలోని వెలుతురుకు బలం రాదు. పాట ఐదో జార్జి చక్రవర్తి కోసం రాశారన్న పాత నిందకూ ఈ చరణాల్లోనే జవాబుంది. యుగయుగాల రథసారథి ఏ రాజూ కాలేడు. 1937లో టాగూరే ఒక లేఖలో ఆ మాట తేల్చి చెప్పారు. పైగా మదనపల్లె నుంచి వెళ్లిన మూడు నెలలకు, జలియన్‌వాలాబాగ్ కాల్పులకు నిరసనగా ఆయన ‘సర్’ బిరుదును వదులుకున్నారు.

కలికిరిలో ఇప్పుడు సైనిక్ స్కూలుంది, 2014 నుంచి నడుస్తోంది. జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ కూడా ఉంది. ఈ పాట ఇంగ్లీషులోకి వచ్చిన ఊరు అక్కడి పిల్లలకు ఇంత దగ్గర్లో ఉంది. కలికిరి నుంచి కుప్పం దాకా బళ్లలో చదువు చెప్పే అయ్యవార్లకు, టీచరమ్మలకు ఒక విన్నపం. జాతీయగీతాన్ని ఎప్పటిలాగే నిలబెట్టి 52 సెకన్లూ పాడించండి. తర్వాత విడిగా, పాటగా, మిగిలిన నాలుగు చరణాలూ అర్థం చెప్పి నేర్పించండి. మొదలుపెట్టడానికి ఫిబ్రవరి 28 మంచి రోజు.