మధ్యాహ్నం నిద్ర... తప్పు పప్పన్నానిదేనా?

మూడయ్యేసరికి ఆఫీసులో తల బరువెక్కుతోందా? నేనూ చాలాకాలం లంచ్‌లో తిన్న పప్పన్నాన్నే తిట్టుకున్నా. ఒకరోజు కార్బన్ డయాక్సైడ్ మీటర్ తీసుకెళ్లి మా మీటింగ్ రూమ్‌లో పెట్టా. ఖాళీగా ఉన్నప్పుడు 600 పీపీఎం. పదిమందిమి తలుపేసుకుని కూర్చుంటే గంటకే 1,900! బయటి గాలిలో ఉండేది సుమారు 420.

ఏసీ ఉందిగా అంటారా? అక్కడే పొరబడుతున్నాం. గోడకుండే మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకురాదు. గదిలో గాలినే లాగి, చల్లబరిచి, మళ్లీ మన మీదికే వదులుతుంది. అంటే పక్కవాళ్లు వదిలిన ఊపిరినే పీలుస్తున్నాం, కాకపోతే చల్లగా! వాళ్లకి జలుబుంటే అదీ ఫ్రీ.

2015లో వచ్చిన హార్వర్డ్ స్టడీలో 24 మందిని ఆఫీసులాంటి గదిలో కూర్చోబెట్టి, చెప్పకుండా గాలి మార్చారు. కార్బన్ డయాక్సైడ్ 1,400కి చేరిన రోజు, నిర్ణయాలు తీసుకునే టెస్టుల్లో స్కోర్లు బాగా పడిపోయాయి. అన్ని పరిశోధనల్లోనూ ఇలాగే రాలేదు లెండి. కానీ మీటర్‌లో అంకె పెరిగిందంటే గదిలోకి కొత్తగాలి చాలట్లేదనే అర్థం.

కిటికీ తెరుద్దామంటే మా మేనేజర్ కరెంటు బిల్లు అన్నారు. చివరికి మీటింగ్‌కీ మీటింగ్‌కీ మధ్య పది నిమిషాలు కిటికీ, తలుపు రెండూ తెరిచే ఒప్పందం కుదిరింది. నిన్న సాయంత్రం మీటర్ 900 చూపించింది.