ఆసుపత్రిలో ఉన్న గర్భిణికి మనోధైర్యం

గర్భిణికి ఉపచారం చేసేవారు అంచులదాకా నూనె నిండిన పాత్రను తొణకకుండా మోసే మనిషివలె మెలగాలని చరకసంహిత శారీరస్థానం చెబుతోంది. గర్భాన్ని నిలిపే వాటిలో సౌమనస్యం, అనగా మనసు ప్రసన్నంగా ఉండడం, శ్రేష్ఠమైనదని అదే గ్రంథపు సూత్రస్థానంలో ఉంది. ఈ రెండింటినీ కలిపి చదవాలని నా అభిప్రాయం. సౌమనస్యం మాట ఒక్కటే పట్టుకుంటే, "నువ్వు దిగులు పడుతున్నావు కాబట్టే ఇలా అయింది" అని గర్భిణినే నిందించడానికి అది సాధనమైపోతుంది. నూనెపాత్ర తనను తాను మోసుకోదు గదా! ఆమె మనసును ప్రసన్నంగా ఉంచవలసిన బాధ్యత చుట్టూ ఉన్నవారిది.

20 వారాల తరువాత రక్తపోటు 140/90కి చేరి మూత్రంలో ప్రోటీన్ కనిపించడం, మాయ గర్భాశయ ముఖద్వారాన్ని కప్పి ఉండడం, నెలలు నిండకముందే ఉమ్మనీరు పోవడం వంటి స్థితులలో వైద్యులు గర్భిణిని ఆసుపత్రిలో ఉంచుతారు. కొందరు నాలుగైదు రోజుల్లో ఇల్లు చేరతారు. కొందరికి వారాల తరబడి అక్కడే గడపక తప్పదు. ఒంట్లో నొప్పి ఉండకపోవచ్చు, అయినా లేచి ఇంటికి పోవడానికి వీల్లేదు. ఆ ఒంటరితనం దగ్గరుండి చూసినవారికే తెలుస్తుంది.

మా చెల్లెలి కూతురు 29వ వారంలో రక్తస్రావం కనిపించి ఆసుపత్రిలో చేరింది. మాయ ముఖద్వారాన్ని పూర్తిగా కప్పి ఉందని స్కానింగులో తేలింది. ఏడు వారాలు అక్కడే ఉంది. నేను రోజు విడిచి రోజు వెళ్ళేదాన్ని. చూడవచ్చిన చుట్టాలు తలా ఒక కారణం చెప్పేవారు. బొప్పాయి తిన్నావేమో, నీళ్ళ బిందె ఎత్తావేమో, గ్రహణం నాడు బయటికి వచ్చావేమో! అందరూ వెళ్ళిపోయాక ఆ అమ్మాయి మెల్లగా అడిగింది: "పెద్దమ్మా, ఆ ముందురోజు బీరువా మీది పెట్టె దించాను. దానివల్లేనా?"

కాదు. మాయ ఎక్కడ అతుక్కుంటుందో గర్భం నిలిచిన తొలిరోజుల్లోనే నిర్ణయమవుతుంది. తల్లి తిన్న పండుగాని, ఎత్తిన బరువుగాని దాన్ని కిందికి లాగలేవు. పూర్వం సిజేరియన్ జరిగినవారిలో, కవలలు ఉన్నవారిలో, వయసు పైబడినవారిలో ఇది కొంత ఎక్కువగా కనిపిస్తుంది. ఇవేవీ లేనివారికీ రావచ్చు. ఈ సంగతి నేను చెప్పి, మరునాడు వైద్యురాలి నోట కూడా చెప్పించాను. ఆ రాత్రి కంటినిండా నిద్రపోయిందని మా చెల్లెలు చెప్పింది. చుట్టాలు పళ్ళతోపాటు కారణాలు కూడా మోసుకురావడం మానితే సగం మేలు చేసినవారవుతారు.

"ఏమీ కాదులే" అని మనం సదుద్దేశంతోనే అంటాం. కాని ఆ మాటతో ఆమె తన భయం చెప్పుకొనే దారి మూసుకుపోతుంది. ఏది భయంగా ఉందో అడిగి వినాలి. బిడ్డ దక్కుతుందా అన్నదానికి వైద్యులే సమాధానం చెప్పాలి. ప్రశ్నలు కాగితం మీద రాసి ఉంచుకుంటే వారు వచ్చినప్పుడు మరచిపోరు. ఇంటి దగ్గర పెద్దపిల్లవాడు అన్నం తింటున్నాడా అన్న బెంగకు, అనుమతి ఉంటే వాణ్ణి తెచ్చి చూపాలి, లేదా రోజూ ఒకే వేళకు ఫోనులో మాట్లాడించాలి. ఇక ఖర్చు సంగతి భర్త దాచకుండా చెప్పాలి. దాచిన లెక్క ఆమె ఊహలో రెట్టింపవుతుంది. "ఇంటి సంగతి నీకెందుకమ్మా, నేను లేనూ!" అన్న మాట తల్లి కంటె అత్తగారు అంటేనే ఎక్కువ పనిచేయడం నేను అనేకచోట్ల చూశాను.

నెలలు నిండకుండా కాన్పు వచ్చే సూచనలుంటే 24 నుంచి 34 వారాల మధ్య బిడ్డ ఊపిరితిత్తుల పరిపక్వత కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. అవి ఎందుకో తెలియక తల్లులు బెంబేలెత్తుతారు. ముందే తెలిస్తే అదే ధైర్యమవుతుంది. మా అమ్మాయి ఒక్కొక్క వారం గడిచినప్పుడల్లా క్యాలెండరులో పసుపు బొట్టు పెట్టించేది. సీమంతం జరగలేదని కంటతడి పెట్టుకుంటే, నర్సు అనుమతితో పక్క మంచాలవాళ్ళు మట్టిగాజులు తొడిగారు. రెండో చేతికి సెలైన్ సూది ఉన్నందున ఒక చేతికే! వార్డులోని స్త్రీలు ఒకరికొకరు ఇచ్చుకొనే ధైర్యం మనం బయటినుండి తెచ్చి ఇవ్వలేము.

కాలు కింద పెట్టనీయకుండా పడుకోబెట్టడం మంచిదన్న నమ్మకం నేటి వైద్యంలో సడలింది. కదలకుండా ఉంటే కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు, దిగులూ పెరుగుతుంది. ఎంతవరకు నడవవచ్చునో వైద్యుల్ని అడిగి అంతమేరకు నడిపించాలి. పడుకొని నెమ్మదిగా గాలి పీల్చి, అంతకంటె నెమ్మదిగా వదలడం మనసును కుదుటపరుస్తుంది. శ్వాస బిగబట్టే కుంభకం, కపాలభాతి మాత్రం చేయరాదు. తలకు కొబ్బరినూనె రాసి జడవేయడం చిన్న పనే, కాని ఆ చేతి స్పర్శకు ఆమె ముఖం తేటపడడం చూడండి.

గృహవైద్యం గురించి రాసే నేనే ఇది చెప్పక తప్పదు. వైద్యులకు తెలియకుండా కషాయాలు, లేహ్యాలు టిఫిన్ డబ్బాలో దాచి తీసుకుపోకండి. అతిమధురం రక్తపోటును పెంచగలదు. కాళ్ళు వాచాయని గలిజేరు రసం తాగించడం కూడా తగదు.

రెండు వారాలపాటు ఎడతెగని దిగులు, ఆకలి నిద్ర లేకపోవడం, బతుకు మీద విరక్తి మాటలు కనిపిస్తే దాన్ని అలకగా కొట్టిపారేయరాదు. విరక్తి మాట వినబడితే రెండు వారాలు ఆగనక్కరలేదు, ఆ రోజే వైద్యులకు చెప్పాలి. 2022లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలీమానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

కాన్పు అయ్యాక అందరి చూపూ బిడ్డవైపు తిరుగుతుంది. నెలలు నిండని బిడ్డ అద్దాల పెట్టెలో, తల్లి వేరే వార్డులో ఉంటారు. పాలు పిండి పంపడానికి, వైద్యులు ఒప్పుకున్నప్పుడు బిడ్డను గుండెకు ఆనించుకోవడానికి ఆమె అక్కడికి నడిచి వెళ్ళాలి. చేయి పట్టుకొని తీసుకువెళ్ళే మనిషి అప్పుడు కూడా కావాలి. పురుడు వచ్చిందిగదా అని మరునాడే తోడున్నవారు ఊరికి బయలుదేరకూడదు.