తెరలో నీలం రంగే ముందు ఎందుకు అరిగిపోతుంది?

1902లోనే శివనసముద్రం నుండి కావేరి కరెంటు వచ్చిన ఊరు మనది. ఇప్పుడు మన జిల్లాలోనే, నరసాపురలో ఐఫోన్లు కూర్చుతున్నారు. ఆ ఫోన్లతో పాటు ఓఎల్‌ఇడి అనే మాట కూడా ఇళ్ళలోకి వచ్చింది. అదేమిటని సంఘంలో పెద్దలు అడుగుతున్నారు గనుక నాలుగు మాటలు రాస్తున్నాము.

ఓ అంటే ఆర్గానిక్. ఎరువు వేయని కూరగాయలని కాదు, కార్బన్‌తో కట్టిన అణువులని అర్థం. వీటిని పలుచని పొరలుగా పరచి కరెంటు పారిస్తే అవే వెలుగుతాయి. 1987లో కోడాక్ సంస్థలో చింగ్ టాంగ్, వాన్ స్లైక్ ఈ పని చేసి చూపారు. వారిది ఆకుపచ్చ వెలుగు.

ఎరుపు, ఆకుపచ్చ దారికి వచ్చాయి, నీలం రాలేదు. నీలి కాంతికి ఎరుపు కన్నా సుమారు మూడో వంతు ఎక్కువ శక్తి కావాలి. అంత శక్తిని మోసే అణువు తన బంధాలనే తెంచుకుంటుంది. పాత రకం పదార్థాల్లో ఉత్తేజం పొందిన అణువుల్లో సుమారు నాలుగో వంతే వెలుగునిస్తాయి, మిగతాది చాలావరకు వేడిగా పోతుంది. ఇరీడియం కలిపితే దాదాపు అంతా వెలుగే. (బంగారం కన్నా అరుదైన లోహమిది. గనుల వాళ్ళం కదా, ఇలాంటివి మాకు ముందు కనబడతాయి.) ఎరుపు, ఆకుపచ్చలకు ఇరీడియం కుదిరింది. నీలంలో మాత్రం అణువు ఆ శక్తితో ఎక్కువసేపు ఉండవలసి వచ్చి త్వరగా చెడిపోతోంది. అందుకే చాలా ఫోన్లలో నీలం చుక్కలను పెద్దవిగా చేసి భారం పంచుతారు. 2025లో కొరియాకు చెందిన ఎల్‌జీ డిస్‌ప్లే పాత రకం నీలం పొరపై కొత్త రకం పొర పేర్చి, కరెంటు వాడకం 15 శాతం తగ్గిందని ప్రకటించింది.

ఇంట్లోని ఎల్‌ఇడి బల్బు సంగతి వేరు. అందులోని నీలం గాలియం నైట్రైడ్‌ది. దానికే 2014లో నోబెల్ వచ్చింది, దానికి ఈ బాధ లేదు.

ఫోను కూర్చే పని మన జిల్లాకు వచ్చింది గానీ, ఈ పదార్థాలు తయారుచేసే విద్య ఎక్కువగా జపాన్, కొరియా, అమెరికా చేతుల్లోనే ఉంది. అది రసాయన శాస్త్రం పని. బీఎస్సీ కెమిస్ట్రీ అంటే పెదవి విరిచే తల్లిదండ్రులకు ఈ మాట చెప్పాలనిపించింది.

ఓఎల్‌ఇడి టీవీ ఉన్నవారు ఒకే వార్తా ఛానల్‌ను రోజంతా పెట్టి ఉంచకండి. మూలనున్న గుర్తు అచ్చు పడిపోతుంది. ఫోను వెలుతురు కాస్త తగ్గించి వాడితే నీలం ఎక్కువ కాలం నిలుస్తుంది. నీలం తగ్గిన చోట తెలుపు పసుపుగా కనబడుతుంది, గమనించండి.